గ్యాస్ పోర్ట్‌ను మూసిన బారెల్, అసలు పోర్టే లేని బారెల్: స్ట్రెయిట్‌పుల్ రైఫిల్‌కు ఏది తగినది?

ప్రశ్న: గురిరేఖ

నేను ఇంగ్లండ్‌లో ఒక షూటింగ్ క్లబ్బులో సభ్యుణ్ణి. నా ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ మీద .223 క్యాలిబర్ స్ట్రెయిట్‌పుల్ రైఫిల్ ఒకటి ఉంది. చూడటానికి ఏఆర్-15 తరహాలోనే ఉంటుంది కాని, ప్రతి తూటాకూ కుడివైపున్న పిడిని చేత్తో వెనక్కి లాగి వదిలితే తప్ప తరువాతి తూటా చాంబర్‌లోకి, అంటే బారెల్ వెనుక తూటా కూర్చునే గదిలోకి రాదు. దాని బారెల్ బాగా అరిగిపోయింది, మార్చక తప్పదు.

ఇప్పుడు నా ముందు రెండు మార్గాలున్నాయి. మొదటిది, గ్యాస్ పోర్ట్ (పేలుడు గ్యాస్‌తో రైఫిల్ తనంతట తాను పనిచేయడానికి బారెల్‌లో పెట్టే చిన్న రంధ్రం) అసలే తొలవకుండా తయారుచేసిన కొత్త బారెల్. రెండోది, తెలిసినవారి ద్వారా తక్కువ ధరకు వస్తున్న మంచి పేరున్న బారెల్. ఈ రెండోదానికి గ్యాస్ పోర్ట్ ఉంది, అయితే ఎవరో దాన్ని మూసివేశారు. పోర్ట్ మూసి ఉన్నంతవరకు రైఫిల్ తనంతట తాను పనిచేయదు కనుక రెండింటికీ తేడా లేదని అమ్ముతున్న వ్యక్తి అంటున్నారు. ఆ మాట వినడానికి సబబుగానే ఉన్నా, నాకు మూడు విషయాల్లో స్పష్టత కావాలి. మూసిన పోర్ట్ వల్ల బుల్లెట్ వేగంలో గాని గురిలో గాని తేడా వస్తుందా? ఆ మూత ఎప్పటికైనా ఊడే ప్రమాదం ఉందా? చట్టం దృష్టిలో ఈ రెండు బారెళ్లూ ఒకటేనా? అనుభవమున్నవారు కాస్త వివరంగా చెప్పగలరు.

సమాధానం: కొలిమిపని

మీరు అడిగిన మూడింటిలో మొదటి రెండింటికి నేను సమాధానం చెప్పగలను. చట్టం సంగతి అది తెలిసినవారు చెప్పడమే మంచిది.

ముందుగా ఆ రంధ్రం చేసే పని ఏమిటో చూద్దాం. తూటా పేలినప్పుడు చాంబర్‌లో పుట్టే పీడనం చాలా ఎక్కువ. .223 రెమింగ్టన్‌కు యూరప్ ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ పీడనం 4,300 బార్. బుల్లెట్ బారెల్‌లో ముందుకు సాగేకొద్దీ ఈ పీడనం తగ్గుతూ వస్తుంది. బుల్లెట్ పోర్ట్‌ను దాటిన క్షణం నుంచి బారెల్ మూతి విడిచే క్షణం వరకు ఉండే అతి స్వల్ప వ్యవధిలో కొంత గ్యాస్ ఆ రంధ్రం గుండా దాని మీద బిగించిన గ్యాస్ బ్లాక్ అనే దిమ్మలోకి, అక్కడి నుంచి సన్నని ట్యూబ్ ద్వారా వెనక్కి, చివరికి చాంబర్‌ను మూసే బోల్ట్‌ను మోసే బోల్ట్ క్యారియర్ లోపలికి చేరుతుంది. ఏఆర్-15ను రూపొందించిన యూజీన్ స్టోనర్ రూపకల్పనలో ప్రత్యేకంగా పిస్టన్ అంటూ ఉండదు. బోల్ట్ వెనుక భాగమే క్యారియర్ లోపల పిస్టన్ లాగా పనిచేస్తుంది. గ్యాస్ వ్యాకోచించి క్యారియర్‌ను వెనక్కి నెడితే, క్యారియర్‌లోని వంపు గాడి బోల్ట్‌ను తిప్పి, దాని పళ్లను బారెల్ వెనుకనున్న గాళ్ల నుంచి విడిపిస్తుంది. మీ రైఫిల్‌లో ఈ గొలుసులోని మొదటి లంకె లేదు, అంతే. బోల్ట్‌ను తిప్పి విడిపించే పని మొత్తం మీ చేతి మీద పడింది.

వేగం గురించి భయపడనవసరం లేదు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 508 మి.మీ. బారెల్‌లో బుల్లెట్ ప్రయాణించే భాగం లోపలి ఘనపరిమాణం సుమారు 11 ఘన సెంటీమీటర్లు ఉంటుంది. పోర్ట్ వ్యాసం సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండున్నర మి.మీ. మధ్యలో, బారెల్ గోడ మందం అక్కడ ఆరేడు మి.మీ. ఉంటాయనుకుంటే, ఆ రంధ్రంలో పట్టే గ్యాస్ 0.02 ఘన సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే మొత్తంలో సుమారు ఐదువందల్లో ఒక వంతు. పైభాగాన మూసిన రంధ్రం గ్యాస్‌కు ఒక చిన్న గూడు మాత్రమే అవుతుంది కనుక, బుల్లెట్ వేగంలో వచ్చే మార్పు ఒక తూటాకూ మరో తూటాకూ సహజంగా ఉండే తేడాలో కలిసిపోతుంది.

గురి విషయంలోనూ రంధ్రం ఉన్నంత మాత్రాన నష్టం లేదు. గ్యాస్ పోర్ట్ ఉన్న బారెళ్లతోనే సర్వీస్ రైఫిల్ పోటీల్లో టార్గెట్ మీద గుళ్లన్నీ దగ్గరదగ్గరగా పడే ఎంతో సన్నని గ్రూపులు సాధిస్తున్నారు. అయితే రంధ్రం లోపలి అంచు ఎలా ఉందన్నది ముఖ్యం. తొలిచినప్పుడు మిగిలిన పదునైన లోహపు ముక్క అంచున ఉంటే అది ప్రతి బుల్లెట్ రాగి తొడుగునూ గీరుతుంది. కాలక్రమంలో అంచు కోసుకుపోయి కొంత నునుపు తేలినా, ఆ గూటిలో మసి గడ్డకడుతుంది, శుభ్రపరిచే ద్రావకం నిలిచిపోతుంది. బారెల్ లోపలిని చూపే బోర్‌స్కోప్‌తో చూసినప్పుడు రంధ్రానికి మూతివైపు అంచున రాగి నెలవంకలా పేరుకొని కనబడితే, ఆ బారెల్ అంచును సరిగా శుభ్రం చేయలేదని అర్థం. మీకు ఇస్తామంటున్న బారెల్‌ను బోర్‌స్కోప్ పెట్టి చూడకుండా తీసుకోవద్దు.

ఇక మూత సంగతి. పోర్ట్‌ను మూశామని చెప్పడం సులభం. ఎక్కడ మూశారన్నదే అసలు ప్రశ్న. గ్యాస్ ప్రయాణించే దారిలో మూడు చోట్ల అడ్డు పెట్టవచ్చు: బారెల్ గోడలోనే, బారెల్ మీది గ్యాస్ బ్లాక్‌లో, లేదా ట్యూబ్ చివర. ఈ మూడోది చేసినవాటిని చూసినప్పుడల్లా నాకు ఆందోళన కలుగుతుంది. అడ్డు ట్యూబ్ చివర ఉంటే ట్యూబ్, బ్లాక్, వాటి అతుకులు అన్నీ ప్రతి తూటాకూ పోర్ట్ దగ్గరి పీడనాన్ని మోస్తాయి. ఆ భాగాలను గ్యాస్ తమ గుండా ప్రవహించడానికి తయారుచేశారు, లోపల బిగబట్టి ఉంచడానికి కాదు. ఏదో ఒకనాడు అతుకు వదిలితే ఆ గ్యాస్ వెలువడేది మీ ఎడమచేయి పట్టుకున్న చోటే. ట్యూబ్‌ను మూయకుండా, క్యారియర్ మీద ట్యూబ్ నుంచి గ్యాస్‌ను అందుకునే గ్యాస్ కీ అనే భాగాన్ని మాత్రం తీసేసినవారూ ఉన్నారు. అప్పుడు గ్యాస్ నేరుగా రిసీవర్‌లోకి (బోల్ట్ కదిలే రైఫిల్ ప్రధాన భాగంలోకి), అంటే ముఖానికి అతి దగ్గరగా వస్తుంది. ఇవి రెండూ అంగీకరించదగ్గవి కావు.

గ్యాస్ బ్లాక్‌లో మూయడం వీటికన్నా మెరుగు. కాని బ్లాక్ బారెల్‌కు ఎంత గట్టిగా అతుక్కుని ఉంటే మూత అంత గట్టిది, అంతకుమించి కాదు. బ్లాక్ కొద్దిగా కదిలినా పక్కలనుంచి గ్యాస్ చిమ్మడం మొదలవుతుంది. కొద్దిపాటి మసి గీతలు బ్లాక్ అంచుల వెంట కనిపిస్తే అది లీకవుతున్నట్లే. బారెల్ గోడలోనే మూయడం అన్నిటికన్నా శాశ్వతమైనది, కాని అన్నిటికన్నా నైపుణ్యం కోరేది కూడా. మూత లోపలికి వెంట్రుకవాసి పొడుచుకు వచ్చినా బుల్లెట్‌కు అడ్డమవుతుంది. వెల్డింగ్ చేస్తే ఆ వేడికి అక్కడి ఉక్కు గుణం మారవచ్చు, బారెల్ వంగవచ్చు, లోపల క్రోమ్ పూత ఉంటే అది దెబ్బతినవచ్చు. ఈ పని రిజిస్టర్డ్ గన్‌స్మిత్ చేయవలసినదే తప్ప ఇంటి బల్ల మీద చేసేది కాదు. బారెల్ బలాన్ని ప్రభావితం చేసే పని జరిగితే దాన్ని మళ్లీ లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పరీక్షించి ముద్ర వేయించాలి. 1868 నాటి ప్రూఫ్ చట్టం ఉద్దేశం ఇదే. ఆ బారెల్ మీద ప్రూఫ్ ముద్ర ఉందా, ఉంటే అది మూత పెట్టకముందు వేసినదా, ఆ తరువాత వేసినదా అని అమ్మేవారిని అడగండి. సమాధానం తడబడితే అక్కడితో ఆపేయండి.

సమాధానం: సెక్షన్ ఐదు

కొలిమిపని గారు యంత్రం సంగతి చక్కగా వివరించారు. అయితే గురిరేఖ గారి మూడో ప్రశ్నే అన్నిటికన్నా బరువైనదని నా అభిప్రాయం. ఎందుకంటే అందులో పొరపాటు జరిగితే పోయేది బారెల్ ధర కాదు, సర్టిఫికెట్టూ స్వేచ్ఛా.

1987 ఆగస్టులో హంగర్‌ఫర్డ్ కాల్పుల తరువాత బ్రిటన్ పార్లమెంటు 1988లో ఫైర్‌ఆర్మ్స్ సవరణ చట్టం చేసింది. దాని ప్రకారం .22 రిమ్‌ఫైర్ తూటాలు వాడేవి తప్ప తక్కిన సెల్ఫ్‌లోడింగ్ (తనంతట తానే తరువాతి తూటాను ఎక్కించుకునే), పంప్ యాక్షన్ రైఫిళ్లన్నీ 1968 చట్టంలోని సెక్షన్ 5 కిందికి, అంటే నిషిద్ధ ఆయుధాల జాబితాలోకి వెళ్లాయి. ఇంతవరకు చాలామందికి తెలుసు. అదే 1988 చట్టంలోని సెక్షన్ 7 గురించి మాత్రం చాలామందికి తెలియదు. ఒక ఆయుధం ఎప్పుడైనా ఒకసారి ఆ నిషిద్ధ వర్గాలకు చెంది ఉంటే, తరువాత దాన్ని మరో రకం ఆయుధంగా మార్చడానికి ఎవరు ఏం చేసినా, అది నిషిద్ధ ఆయుధంగానే పరిగణించబడుతుందని ఆ సెక్షన్ సారాంశం.

దీని అర్థాన్ని నిదానంగా ఆలోచించండి. ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ గ్యాస్ పోర్ట్‌ను ఎంత పకడ్బందీగా మూసినా, ట్యూబ్ తీసేసినా, బోల్ట్‌ను చేత్తో తప్ప కదలకుండా చేసినా, అది ఇక్కడ సెక్షన్ 1 రైఫిల్, అంటే మామూలు సర్టిఫికెట్ మీద ఉంచుకోగల రైఫిల్ అయిపోదు. చట్టం చూసేది రైఫిల్ ఈరోజు ఏం చేయగలదన్నది మాత్రమే కాదు, అది ఏమై పుట్టిందన్నది కూడా. అందుకే ఇక్కడ దుకాణాల్లో అమ్మే స్ట్రెయిట్‌పుల్ ఏఆర్‌లు మార్పిడి చేసినవి కావు. ఎన్నడూ సెల్ఫ్‌లోడింగ్‌గా ఉండని కొత్త రిసీవర్ మీద, గ్యాస్ పోర్ట్ తొలవని బారెల్‌తో మొదటినుంచీ చేత్తో నడిచేవిగానే నిర్మించినవి. ఎవరైనా మీతో మార్పిడి చేసిన రైఫిల్ అని చెబితే, ఆ మాట దగ్గరే ఆగి, దాని పుట్టుక గురించి రాతపూర్వకంగా అడగాలి.

బారెల్ మాటకొస్తే, 2017 నాటి పోలీసింగ్ అండ్ క్రైమ్ చట్టం తెచ్చిన సవరణ స్పష్టం చేసినట్లు బారెల్, రిసీవర్, బోల్ట్ వంటి ముఖ్య భాగాలు తమంతట తామే ఫైర్‌ఆర్మ్‌గా లెక్కకు వస్తాయి. కాబట్టి తెలిసినవారి ద్వారా బారెల్ కొనడం అంటే విడిభాగం కొనడం కాదు. మీ సర్టిఫికెట్‌లో ఆ బారెల్‌కు ముందే అనుమతి ఉండాలి, చేతులు మారిన సంగతి పోలీసులకు తెలియజేయాలి. ఆ బారెల్ ఇంతకుముందు ఏదైనా సెల్ఫ్‌లోడింగ్ రైఫిల్‌కు అమర్చి ఉన్నదైతే దాని స్థితి ఏమిటన్నది మన చర్చలో తేలే విషయం కాదు. మీ పోలీసు విభాగంలోని ఫైర్‌ఆర్మ్స్ లైసెన్సింగ్ వారికి ఈమెయిల్ రాసి, రాతపూర్వక సమాధానం వచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి. ఫోన్‌లో విన్న హామీ తరువాత ఎవరికీ గుర్తుండదు.

మరొక విషయం. 2019 నాటి అఫెన్సివ్ వెపన్స్ చట్టం ఇంకో వర్గాన్ని నిషేధించింది. ఖాళీ కేసింగ్‌ను చాంబర్ నుంచి లాగడానికి పేలుడు గ్యాస్ శక్తిని గాని, ఆ గ్యాస్ వల్ల స్ప్రింగ్‌లో నిల్వ అయిన శక్తిని గాని వాడుకునే రైఫిళ్లు, .22 రిమ్‌ఫైర్‌వి మినహా, ఇప్పుడు నిషిద్ధం. అప్పటిదాకా చట్టబద్ధంగా ఉన్న లీవర్ రిలీజ్ రైఫిళ్లు దీనితో పోయాయి. వాటిలో గ్యాస్ బోల్ట్‌ను వెనక్కి నెట్టి ఖాళీ కేసింగ్‌ను బయటకు పంపేది. బోల్ట్ వెనకే ఆగిపోయేది. షూటర్ లీవర్ నొక్కితేనే ముందుకు వెళ్లేది. ఇక మూత సరిగా పడని, గ్యాస్ ట్యూబ్ ఇంకా అమర్చి ఉన్న రైఫిల్‌ను ఊహించుకోండి. కొంత గ్యాస్ లీకై క్యారియర్‌ను సగం దూరం నెట్టి కేసింగ్‌ను వదులు చేస్తే, దాన్ని మీరు చిన్న లోపం అనుకోవచ్చు. చట్టం పదాలు మాత్రం దాన్ని వేరే విధంగా చదవగలవు. పోర్టే లేని బారెల్‌తో ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు.

ఉత్తర ఐర్లండ్‌లో ఆయుధాల చట్టం వేరు. అక్కడివారు నేను పైన చెప్పినదాన్ని తమకు వర్తింపజేసుకోవద్దు.

సమాధానం: పాతఇనుము

సైనిక రైఫిళ్ల చరిత్ర మీద ఆసక్తితో ఒక మాట కలుపుతున్నాను. గ్యాస్‌ను అడ్డుకుని సెల్ఫ్‌లోడింగ్ రైఫిల్‌ను చేత్తో నడపడం కొత్త ఆలోచన కాదు. సైన్యాలు దశాబ్దాల పాటు రోజువారీగా చేసిన పనే. కారణం రైఫిల్ గ్రెనేడ్.

బారెల్ మూతికి తగిలించిన గ్రెనేడ్‌ను ప్రత్యేకమైన బ్లాంక్ తూటాతో ప్రయోగిస్తారు. అంత బరువును నెట్టడానికి గ్యాస్ మొత్తం ముందుకే పోవాలి. పైగా గ్రెనేడ్ కదిలేలోగా పెరిగే పీడనం యథావిధిగా క్యారియర్ మీద పడితే యంత్రాంగం దెబ్బతింటుంది. అందుకని బెల్జియం రూపొందించిన ఎఫ్ఎన్ ఫాల్ రైఫిల్‌లో ముందువైపు ఒక గ్యాస్ ప్లగ్ పెట్టారు. దాని మీద ఏ అనే గుర్తు పైకి ఉంటే రైఫిల్ మామూలుగా నడుస్తుంది, ప్లగ్‌ను తిప్పి జీఆర్ గుర్తును పైకి తెస్తే గ్యాస్ దారి మూసుకుపోతుంది. భారత సైన్యం చాలాకాలం వాడిన 1ఏ1 సెల్ఫ్‌లోడింగ్ రైఫిల్ ఈ కుటుంబానిదే. యుగోస్లావియా తయారుచేసిన ఎం59/66లో, ఎం70లో గ్రెనేడ్ ప్రయోగానికి గ్యాస్‌ను కట్టేసే ఏర్పాటు ఉండేది. అమెరికన్ ఎం1 గారండ్‌లో పద్ధతి కాస్త వేరు: రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఎం7 లాంచర్‌ను తగిలిస్తే దాని కాడ ఒక వాల్వ్‌ను నొక్కి తెరిచి, గ్యాస్‌ను పిస్టన్ మీద పడకుండా బయటకు వదిలేసేది. లాంచర్ తగిలించి ఉన్నంతసేపూ గారండ్ చేత్తో నడిపే రైఫిల్ అయిపోయేది. సైనికులకు అది ఇబ్బందిగా ఉండటంతో తరువాతి లాంచర్‌లో ఆ పరిమితిని తొలగించారు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఈ మూతలన్నీ ఒక్క క్షణంలో తెరుచుకునేలా ఉద్దేశపూర్వకంగా చేసినవి. గ్యాస్ మూసినప్పుడు ఫాల్ రైఫిల్ చేత్తో నడిచింది నిజమే, అయినా అది సెల్ఫ్‌లోడింగ్ రైఫిల్ కాకుండా పోలేదు. సెక్షన్ ఐదు గారు చెప్పిన నియమం వెనకనున్న ఆలోచన ఇక్కడ కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. మూత అన్నది రైఫిల్ స్థితి, అంతే. అది రైఫిల్ స్వభావం కాదు.

గురిరేఖ

అందరికీ కృతజ్ఞతలు. పోర్ట్ లేని బారెలే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. అమ్ముతున్నవారిని ప్రూఫ్ ముద్ర గురించి అడిగాను, ఆ మూత ఎవరు పెట్టారో ఆయనకు తెలియదని చెప్పారు. ఇక ఆ మాట వదిలేద్దాం.

ఈ సందర్భంలోనే మరొక సందేహం. నా రైఫిల్‌లో కొన్నిసార్లు కాల్చిన కేసింగ్ చాంబర్‌లో గట్టిగా పట్టుకుపోతుంది. పిడిని ఒక్కసారిగా బలంగా గుంజితే తప్ప రాదు, ఆ కుదుపుకు గురిపెట్టిన భంగిమ మొత్తం చెదిరిపోతుంది. అదే తూటాలు నా మిత్రుడి బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో తేలికగా వస్తున్నాయి. కొత్త బారెల్‌తో ఇది పోతుందా, లేక గ్యాస్ లేకపోవడం వల్ల వచ్చే లక్షణమా?

సమాధానం: కొలిమిపని

మంచి ప్రశ్న వేశారు. చేత్తో నడిపే ఏఆర్ విషయంలో ఎక్కువ మాట్లాడుకోవలసినది దీని గురించేనని నేను భావిస్తాను, ఎందుకంటే గ్యాస్‌ను తీసేసినప్పుడు మనం ఒక శక్తిని తీసేస్తున్నాం గాని, ఆ శక్తి కోసం గీసిన యంత్రాంగాన్ని మాత్రం అలాగే ఉంచుకుంటున్నాం.

తూటా పేలినప్పుడు ఇత్తడి కేసింగ్ ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుంటుంది. పీడనం తగ్గగానే కొంత వెనక్కి ముడుచుకుంటుంది, కాని పూర్తిగా కాదు. ఆ పట్టును మొదట విడదీయడానికి చిన్న కదలికే చాలు, అయితే బలం ఎక్కువ కావాలి. మీ మిత్రుడి బోల్ట్ యాక్షన్‌లో పిడిని పైకి ఎత్తినప్పుడు, పిడి మొదలు రిసీవర్ వెనుకనున్న ఏటవాలు అంచు మీద జారి, బోల్ట్‌ను బలంగా కొద్దిగా వెనక్కి తీస్తుంది. పొడవైన పిడి ఇచ్చే లీవర్ బలమంతా ఆ చిన్న కదలికలోకి వెళుతుంది. దీన్నే ప్రైమరీ ఎక్స్‌ట్రాక్షన్ అంటారు. ఏఆర్ బోల్ట్‌లో ఇది దాదాపు లేదనే చెప్పాలి. బోల్ట్ 22.5 డిగ్రీలు తిరిగి పళ్లు విడిపోగానే, గ్యాస్ వల్ల అప్పటికే వేగం అందుకున్న క్యారియర్ బరువు కేసింగ్‌ను ఒక్క ఊపులో లాగేస్తుంది. మీ రైఫిల్‌లో ఆ ఊపును మీ చేయి ఇవ్వాలి. మెల్లగా, మర్యాదగా లాగితే కేసింగ్ రాదు, గుంజితే వస్తుంది. మీరు చూస్తున్నది ఇదే.

ఇది స్ట్రెయిట్‌పుల్ రైఫిళ్లకు పుట్టుకతో వచ్చిన సమస్య. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర్ వద్ద కెనడా సైనికుల చేతుల్లో ఉన్న రాస్ రైఫిళ్లు బిగుసుకుపోవడం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. చాంబర్ల కొలతలు బిగువుగా ఉండటం, బ్రిటిష్ తూటాలు కొన్ని కాస్త లావుగా ఉండటం, బురద, వేడి అన్నీ కలిసి, బోల్ట్‌ను బూటుకాలితో తన్ని తెరవవలసిన పరిస్థితి తెచ్చాయి. మరోవైపు స్విట్జర్లాండ్ 1889 నుంచి స్ట్రెయిట్‌పుల్ రైఫిళ్లనే వాడి, 1931 నాటి కే31తో ఆ పద్ధతిని ఎంతో నమ్మదగినదిగా మలిచింది. శుభ్రమైన చాంబర్, దానికి తగిన కొలతల్లో తయారైన తూటా, చేతి లాగుడును సాఫీగా భ్రమణంగా మార్చే యంత్రాంగం ఉంటే స్ట్రెయిట్‌పుల్ ఎంత చక్కగా నడుస్తుందో కే31 పట్టుకున్నవారికి తెలుసు.

మీ విషయంలో నేను ముందుగా అనుమానించేది తూటాలను. మీరు కాల్చిన కేసింగ్‌లను సొంతంగా మళ్లీ నింపుకుంటూ (రీలోడ్) వాటి మెడ భాగాన్ని మాత్రమే డైలో నొక్కి పాత కొలతకు తెస్తున్నారా (సైజింగ్)? బోల్ట్ యాక్షన్‌కు అది సరిపోవచ్చు, మీ రైఫిల్‌కు మాత్రం ప్రతిసారీ పూర్తి నిడివి సైజింగ్ కావాలి. తూటాల పీడనం అంచుల దగ్గర ఉంటే దాన్ని తగ్గించండి. పేపర్ టార్గెట్‌కు ఆ అదనపు వేగంతో పనిలేదు. తరువాత చాంబర్. బారెల్ లోపలిని శ్రద్ధగా శుభ్రపరిచి చాంబర్‌ను వదిలేసేవారు చాలామంది. చాంబర్ బ్రష్ వేరే ఉంటుంది, దాన్ని వాడి చివర్లో నూనె పూర్తిగా తుడిచేయండి. పాత బారెల్ చాంబర్‌లో గరుకుతనం ఏర్పడి ఉంటే కొత్త బారెల్‌తో తప్పక మెరుగు కనిపిస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ (కేసింగ్‌ను పట్టి లాగే కొక్కెం) స్ప్రింగ్‌ను కూడా మార్చించండి.

క్యారియర్‌ను తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ గురించి చాలామంది అడుగుతారు కనుక చెబుతున్నాను. గ్యాస్‌తో దూసుకొచ్చే క్యారియర్‌ను ఆపవలసిన అవసరం ఇక లేదు కాబట్టి కొంత తేలిక స్ప్రింగ్ వాడితే లాగడం సుఖంగా ఉంటుంది. కాని అదే స్ప్రింగ్ మ్యాగజైన్ నుంచి తూటాను ఊడదీసి, చాంబర్‌లోకి నెట్టి, బోల్ట్‌ను పూర్తిగా తిప్పి లాక్ చేయాలి. మరీ తేలిక చేస్తే ఆ చివరి భ్రమణం అరకొరగా ఆగిపోతుంది.

సమాధానం: రేంజ్ విధి

క్లబ్బులో రేంజ్ అధికారిగా పనిచేసేటప్పుడు స్ట్రెయిట్‌పుల్ రైఫిళ్ల దగ్గర నేను ప్రత్యేకంగా గమనించే విషయాలు చెప్పకుండా ఈ చర్చను వదలలేను. ఇవి గ్యాస్ లేకపోవడంతో నేరుగా ముడిపడినవి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది స్క్విబ్, అంటే మందు లేకుండా లేదా చాలా తక్కువ మందుతో ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) బలం మీద మాత్రమే కదిలిన బుల్లెట్. అది బారెల్ మధ్యలో ఇరుక్కుపోతుంది. సెల్ఫ్‌లోడింగ్ రైఫిల్‌లో చాలినంత గ్యాస్ లేక బోల్ట్ సాధారణంగా కదలదు. షూటర్ ఆగి చూసుకోవడానికి ఆ వైఫల్యమే ఒక హెచ్చరిక అవుతుంది. స్ట్రెయిట్‌పుల్‌లో ఆ హెచ్చరిక లేదు. ప్రతి తూటా తరువాత చేయి అలవాటు కొద్దీ పిడిని లాగుతుంది, కేసింగ్ బయటపడుతుంది, మరో తూటా వచ్చి కూర్చుంటుంది, ఎదురుగా బారెల్ మూసుకుపోయి ఉంటుంది. తరువాతి తూటా కాలిస్తే బారెల్ పగలవచ్చు. వేగంగా కాల్చే పోటీల్లో ఈ ప్రమాదం మరింత దగ్గరగా ఉంటుంది. చప్పుడు పేలవంగా వినిపించినా, భుజానికి తగిలే తోపు మామూలుగా లేకపోయినా చేయి పిడి మీదికి వెళ్లకుండా ఆగాలి. రైఫిల్‌ను ఖాళీ చేసి, బారెల్‌లోకి కడ్డీ వేసి చూశాకే మళ్లీ మొదలుపెట్టాలి. మీ తూటాలు మీరే నింపుకుంటున్నట్లయితే ఈ జాగ్రత్తను రెట్టింపు చేసుకోండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలనప్పుడు కూడా అంతే. అది ఆలస్యంగా పేలే తూటా కావచ్చు. మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి అప్పుడు తెరవండి. మీ క్లబ్బు నియమం అంతకన్నా ఎక్కువ సమయం చెబితే అదే పాటించండి. చేత్తో నడిపే రైఫిల్ అలవాటు వల్ల, పేలకపోగానే వెంటనే లాగేయాలన్న తొందర సహజంగా వస్తుంది, దాన్ని అణచుకోవాలి.

ఇక పిడిని వదిలే తీరు. శబ్దం రాకూడదనో, రైఫిల్ మీద మక్కువతోనో కొందరు పిడిని చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు సాగనంపుతారు. అప్పుడు క్యారియర్ చివరి రెండు మూడు మి.మీ. దగ్గర ఆగిపోతుంది. రిసీవర్ కిటికీలోంచి చూస్తే బోల్ట్ ముందుకే వెళ్లినట్లు ఉంటుంది కాని పళ్లు పూర్తిగా తిరిగి ఉండవు. ఏఆర్‌లో బోల్ట్ లాక్ కానిదే ఫైరింగ్ పిన్ ప్రైమర్‌ను సరిగా చేరకుండా ఏర్పాటు ఉన్న మాట నిజమే, అందువల్ల సాధారణంగా క్లిక్ మని ఊరుకుంటుంది. ఆ ఏర్పాటు ఉందిలే అని దాని మీద ఆధారపడకూడదు. పిడిని చివరిదాకా లాగి, పూర్తిగా వదిలేయండి. స్ప్రింగ్ తన పని తాను చేస్తుంది.

గురిరేఖ

నేను మెడ సైజింగ్ మాత్రమే చేస్తున్న మాట నిజం. రేపటి నుంచి పూర్తి నిడివి సైజింగ్‌కు మారతాను. పిడిని మెల్లగా వదిలే అలవాటు కూడా నాకుంది, ఇక ఉండదు.

చివరిగా చిన్న ప్రశ్న. పోర్ట్ లేని కొత్త బారెల్ మీద గ్యాస్ బ్లాక్ ఉండాలా? పాతదాని మీద ఉత్త బ్లాక్ ఒకటి ఉంది.

సమాధానం: కొలిమిపని

మీ హ్యాండ్‌గార్డ్ రకాన్ని బట్టి ఉంటుంది. హ్యాండ్‌గార్డ్ ముందు చివరను బ్లాక్ దగ్గరి రేకు టోపీ పట్టి ఉంచే పాత రకమైతే, బ్లాక్ లేకుండా అది నిలవదు. ఫ్రంట్ సైట్ ఆ బ్లాక్ మీదే ఉన్నా దాన్ని ఉంచుకోవలసిందే. హ్యాండ్‌గార్డ్ రిసీవర్‌కు మాత్రమే బిగించి, బారెల్‌ను ఎక్కడా తాకకుండా ఉండే రకమైతే బ్లాక్ తీసేయండి. బారెల్ మీద బరువు తగ్గుతుంది, బిగించిన మరల వల్ల ఒకవైపు ఒత్తిడి పడే అవకాశమూ ఉండదు. తీసేశాక బుల్లెట్ తగిలే చోటు కొంత మారుతుంది కనుక స్కోప్‌ను కొత్తగా జీరో చేసుకోవడం మరిచిపోవద్దు. బారెల్ అమర్చిన గన్‌స్మిత్ చేత హెడ్‌స్పేస్ గేజ్‌తో (మూసిన బోల్ట్ ముఖానికీ చాంబర్‌కూ మధ్య తూటాకుండే చోటును కొలిచే సాధనంతో) కూడా పరీక్ష చేయించండి. పాత బోల్ట్‌కు కొత్త బారెల్ జతపడినప్పుడు ఆ కొలత చూడకుండా మొదటి తూటా కాల్చకూడదు.